దుడ్డెకు మూడు లీటర్లు

ముప్పై కిలోల దుడ్డెకు రోజుకు ఎన్ని పాలు పట్టాలి? పశుపోషణ పుస్తకాల్లో ఉండే కొలత ఇది: మొదటి మూడు వారాలు దాని బరువులో పదో వంతు, ఐదో వారం దాకా పదిహేనో వంతు, ఆ పైన ఇరవయ్యో వంతు. పాలు లీటరు దాదాపు కిలో తూగుతాయి కాబట్టి మొదట్లో మూడు లీటర్లు. నాలుగో తరగతి పిల్లల ముందు ఈ మూడు వంతులూ రాసి ఏది పెద్దదని అడిగితే చాలామంది ఇరవయ్యో వంతునే చూపిస్తారు, పది కన్నా ఇరవై పెద్దదని. బకెట్‌లో పోసి చూపిస్తే ఆ భ్రమ నిలవదు. ముప్పై కిలోల దుడ్డెకు ఇరవయ్యో వంతు అంటే లీటరున్నరే. దాని ముందు ఆ బకెట్ పెడితే సగం కడుపుతో తల ఎత్తి చూస్తుంది.

ఈ కొలతలో ఇంకొక అందం దాగుంది. దుడ్డె నలభై అయిదు కిలోలకు పెరిగింది అనుకుందాం, అప్పుడు పదిహేనో వంతు ఎంత? మూడు లీటర్లు. అరవై కిలోలకు వచ్చాక ఇరవయ్యో వంతు? మళ్లీ మూడు లీటర్లే. వంతు చిన్నదవుతూ వచ్చింది, ఒళ్లు పెరుగుతూ వచ్చింది, బకెట్ మాత్రం మారలేదు. మిగిలిన ఆకలి గడ్డి, దాణా తీర్చాలి. దుడ్డె పొట్ట నెమరుకు అలవాటు పడాలంటే అది అవసరం కూడా. భిన్నాల మీద ఇంత నిండైన పాఠాన్ని కూర్చొని రాద్దామనుకున్నా రాయడం కష్టం. పశువుల కొట్టంలో అది ఎప్పటినుంచో ఉంది.

బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లను తలచుకున్నప్పుడు ఈ పాఠం అక్కడికి ఎంత సరిగ్గా అతుకుతుందో అనిపిస్తుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నుంచి మంజీర నీళ్లు కాలువల్లో పారే నేల అది. వరి, వరిగడ్డి, తవుడు, బర్రెలు, పాలు: పిల్లలు కళ్లు తెరిచింది వీటి మధ్యే. బర్రె పాలు అమ్ముకునే చోటల్లా కనిపించే దిక్కులేని ప్రాణి ఒకటుంది, మగ దుడ్డె. పెయ్య అయితే రేపు పాలిస్తుందని సాకుతారు. మగదానికి పొదుగు దగ్గర చోటు తక్కువ. దుక్కి ట్రాక్టరు చేతికి పోయాక ఆ చోటు ఇంకా కుదించుకుపోయింది. చిక్కి, జబ్బుపడి, ఎవరూ వద్దనుకున్న అలాంటి దుడ్డెను ఒక బడి చేరదీస్తే ఏమవుతుంది?

మొదట లెక్క అవుతుంది. పాలు లీటరు అరవై రూపాయలు అనుకుంటే మూడు లీటర్లకు నూట ఎనభై. నెలకు అయిదు వేల నాలుగు వందలు. నాలుగో తరగతి గుణకారం అంతే. కానీ ఆ జవాబు కింద గీత గీసిన పిల్లకు ఇంకొకటి కూడా తెలుస్తుంది: ఈ దుడ్డెను ఎందుకు వదిలేశారో. వదిలేసిన ఇంటివాళ్లు రాతిగుండె వాళ్లు కారు. నెలకు అయిదు వేల నాలుగు వందలు వాళ్ల దగ్గర లేవు. దయ గురించి ఎన్ని నీతికథలు చెప్పినా రాని మెలకువ ఇది. బడ్జెట్ అనే మాటకు అసలు అర్థం పిల్లలకు ఇక్కడే దొరుకుతుంది.

అయితే దుడ్డెను తెచ్చి బడి ఆవరణలో కట్టేసినంత మాత్రాన పిల్లలకు లెక్కలు రావు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే బతుకులో ఉన్న లెక్క తనంతట తాను పలక మీదికి రాదు. 1985లో టెరెజిన్యా కారెహర్ బృందం బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో అమ్మకాలు చేసే అయిదుగురు పిల్లలను పరీక్షించింది. తొమ్మిదికీ పదిహేనుకీ మధ్య వయసు వాళ్లు. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో 98.2 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను కథగా మార్చి కాగితం మీద ఇస్తే 73.7 శాతానికి, వట్టి అంకెలుగా ఇస్తే 36.8 శాతానికి పడిపోయారు. ముప్పై అయిదు చొప్పున పది కొబ్బరికాయలు ఎంత అంటే పన్నెండేళ్ల పిల్లవాడు మూడు కాయలకు నూట అయిదు, ఆరింటికి రెండు వందల పది అంటూ పోగుచేసి మూడు వందల యాభైకి చేరాడు. పదితో గుణిస్తే సున్నా చేర్చాలన్న బడి సూత్రం అతనికి గుర్తే రాలేదు. నలభై ఏళ్ల తర్వాత, 2025లో, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మరికొందరు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద చేసిన అధ్యయనం ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అదీ ఇదే చెప్పింది, పైగా రెండో వైపు కూడా చూపించింది: బడి లెక్కలు వచ్చిన పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. మధ్యలో వాగు ఉంది. దాని మీద వంతెన ఎవరో కట్టాలి.

ఆ వంతెనను తెలుగు నేల మీద ఓపిగ్గా కట్టినవాళ్లు ఉన్నారు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో వై.ఎ.పద్మనాభరావు, ఎ.రమ దంపతులు 1980ల చివరి నుంచి చుట్టూ ఉన్న పల్లెల్లో ఒకే గది, ఒకే టీచరు, అన్ని తరగతుల పిల్లలు ఉండే చిన్న బడులు నడిపారు. పాఠ్యపుస్తకాన్ని విప్పి చిన్న చిన్న కార్డులుగా చేశారు. ఆ కార్డులను నిచ్చెన మెట్లలా అమర్చారు. ప్రతి మెట్టు దగ్గరా ముందు పరిచయం, తర్వాత సాధన, తర్వాత పరీక్ష. తడబడిన పిల్లకు మళ్లీ నేర్పే కార్డు, త్వరగా దాటిన పిల్లకు ఇంకాస్త లోతుకు పోయే కార్డు. తాను ఏ మెట్టు మీద ఉన్నదో పిల్ల తనే చూసుకుంటుంది. 1993లో ఇదంతా ‘పెట్టెలో బడి’గా బయటికి వచ్చింది. 1995లో మొదలైన కర్ణాటక ‘నలి కలి’కీ, ఆ తర్వాత తమిళనాడు కార్యాచరణ బోధనకూ మూలం ఇదే.

నాకు ఆ పనితనంలో మరీ నచ్చేది వాళ్ల మెట్రిక్ మేళా. పిల్లలు ఊళ్లో అంగడి పెడతారు. తూకం వేస్తారు, కొలుస్తారు, అమ్ముతారు, చిల్లర ఇస్తారు, చివర్లో లాభనష్టాలు తేలుస్తారు. కొనడానికి వచ్చేది ఊరివాళ్లు, నిజమైన పైసలతో. కార్డు మీద నేర్చిన కిలో, లీటరు, మీటరు ఇక్కడ పరీక్షకు నిలుస్తాయి. పరీక్షించేది టీచరు కాదు, తూకం తక్కువైతే ఊరుకోని ఊరు. బజారు లెక్కను బడిలోకి తేవడం ఒక సగం. బడి లెక్కను బజారుకు పంపడం రెండో సగం. రెండు సగాలూ ఆలోచించి అమర్చినవాళ్లను మెచ్చుకోకుండా ఉండలేం.

ఇదే అమరికను దుడ్డె చుట్టూ, దానితో పాటు బడి చేరదీసే కుక్కపిల్లల చుట్టూ పెట్టి చూద్దాం. తెలంగాణలో 2022 నుంచి తొలిమెట్టు పేరుతో ఒకటి నుంచి అయిదు తరగతులకు చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియల మీదే శ్రద్ధ పెడుతున్నారు కాబట్టి బాన్సువాడ మండలంలోని ఏ సర్కారు బడి సారుకైనా ఈ మెట్లు కొత్తవి కావు. ఒకటో తరగతి పిల్ల పని గిన్నెలు సర్దడం: ఎన్ని కుక్కపిల్లలుంటే అన్ని గిన్నెలు, ఒకటి తగ్గితే ఎవరికి లేదో చూడటం. సంఖ్యకు పునాది ఈ జత కలపడమే. రెండో తరగతికి తీసివేత కావాలి. కుక్కపిల్లను తూకం మీద నిలబెడితే నిలబడదు. పిల్ల తను ఎక్కి బరువు చూసుకుని, కుక్కపిల్లను ఎత్తుకుని మళ్లీ ఎక్కాలి. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తే కుక్కపిల్ల బరువు. మూడో తరగతి పావు, అర, ముప్పావు. ఊళ్లో ఇంకా బతికే ఉన్న సోలెడు, తవ్వెడు కొలతలను లీటరుతో పోల్చి పట్టిక రాయడం కూడా వాళ్లదే.

అయిదో తరగతికి ఒక అద్భుతమైన సూత్రం ఉంది. పశువుల తూకం యంత్రం ఊళ్లో ఉండదు. దర్జీ టేపు ఉంటుంది. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి, దాన్ని దానితోనే గుణించాలి. భుజం కొస నుంచి తుంటి వెనక ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించాలి. వచ్చినదాన్ని 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 28, పొడవు 25 అయితే 28 గుణించు 28 అంటే 784, దాన్ని 25తో గుణిస్తే 19,600. భాగిస్తే ముప్పైకి కాస్త తక్కువ. షేఫర్ సూత్రం అంటారు దీన్ని. అంచనాయే, లేగల దగ్గర కొంత అటూఇటూ అవుతుంది. కానీ టేపు కొస పట్టుకున్న పిల్లకు వర్గం అంటే ఏమిటో, బరువు అంచనాలో చుట్టుకొలతను ఎందుకు రెండుసార్లు గుణించాలో చేతికి అందుతుంది. నట్టల మందు మోతాదు కూడా కిలో బరువును బట్టే ఉంటుంది కాబట్టి డాక్టరు వచ్చేసరికి పిల్లలు ఆ అంకె సిద్ధంగా పెట్టుకోవచ్చు. మందు మాత్రం డాక్టరే వేయాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది.

ఇక్కడ కొన్ని హద్దులు తప్పనిసరి. టీకా వేయించని వీధికుక్కను పిల్లల చేతికి ఇవ్వకూడదు. కరిచినా గీరినా సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. రెక్క విరిగిన చిలుకను బడిలో సాకడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అటవీ శాఖకు అప్పగించాలి. దయకు ఇవి అడ్డంకులు కావు, దయలోనే భాగం.

చిన్నపిల్లల చదువూ మూగజీవాల సంరక్షణా మన దేశంలో ఒకే ఇంటి గడప తొక్కిన సందర్భం ఒకటుంది. 1939లో మరియా మాంటిస్సోరిని మద్రాసు అడయారుకు పిలిపించింది జార్జ్ అరండేల్, రుక్మిణీదేవి దంపతులు. మొక్కలనూ జంతువులనూ సాకే పిల్లలకు ముందుచూపు తనంతట తానే వస్తుందని మాంటిస్సోరి నమ్మింది: తాము మరిచిపోతే ఆ ప్రాణికి నీళ్లుండవని వాళ్లకు తెలుసు కాబట్టి. ఆ రుక్మిణీదేవే తర్వాత రాజ్యసభలో జంతువుల తరఫున పోరాడింది. 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది, 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే మొదటి అధ్యక్షురాలైంది. నాట్యానికి ఆమె చేసిన సేవను తలచుకున్నంతగా ఈ పనిని తలచుకోం. ఇంకో దిక్కున, 1947లో న్యూయార్క్ దగ్గర మొదలైన గ్రీన్ చిమ్నీస్ బడిలో మనసు గాయపడిన పిల్లలు పశువులను, దెబ్బ తగిలిన పక్షులను సాకుతూ చదువుకుంటున్నారు. మన దగ్గర 1992లో అక్కినేని అమల, నాగార్జున హైదరాబాద్‌లో బ్లూక్రాస్ పెట్టారు. బీజాలు లేకపోలేదు.

బడ్జెట్ సంగతికి వస్తే, పిల్లల రిజిస్టరులో నాలుగు గడులు చాలు: తేదీ, జమ, ఖర్చు, నిల్వ. అసలు నేర్పు ఐదో గడిలో ఉంది: ‘ఇంకా ఎన్ని రోజులు?’ యాభై కిలోల తవుడు బస్తా రోజుకు రెండు కిలోల చొప్పున ఇరవై అయిదు రోజులు వస్తుంది. మరి నెలకు ముప్పై రోజులు. ఆ అయిదు రోజుల లోటును ఈ రోజే చూడగలిగిన పిల్లకు బడ్జెట్ వచ్చినట్టే. లోటు పూడ్చడానికి రోజు కొలత తగ్గించడమా, ఇంకో పది కిలోలకు ఎవరినైనా అడగడమా, డాక్టరు ఖర్చుకని పక్కన పెట్టినది ముట్టుకోవడమా అన్నది వాళ్లే వాదించుకోవాలి. టీచరు పనితనం అప్పుడు మాట్లాడకుండా ఉండటంలో ఉంది. ఏ బేరమైనా దుడ్డె కడుపు దాకా పోతుందని పిల్లలు మరిచిపోకుండా చూస్తే చాలు.

రిషీవ్యాలీ మేళాలో ఊరు చేసిన పని బాన్సువాడలో ఎవరు చేస్తారంటే, 2024లో బడుల్లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. వాటిలో ఉన్నది మహిళా పొదుపు సంఘాల తల్లులు. నెలనెలా పొదుపు, అప్పు, వడ్డీ, వాయిదా రాసుకుని చదివి వినిపించే అలవాటు వాళ్లది. పిల్లల రిజిస్టరును వాళ్ల కన్నా నిక్కచ్చిగా చూసేవాళ్లు దొరకరు. ఆ సమావేశంలో నాలుగో తరగతి పిల్ల లేచి లెక్క చదివితే, “పాలకే అయిదు వేల నాల్గు వందలా? ఎన్నటికి మాన్పిస్తరు?” అని ఏ తల్లి అయినా అడుగుతుంది. జవాబు తయారుగా ఉండాలి: మూడో నెల దాటినాక పాలు ఆపేస్తాం, అప్పుడు రోజుకు కిలో దాణా, కిలో ముప్పై అనుకుంటే నెలకు తొమ్మిది వందలు, గడ్డి కోతల తర్వాత ఊళ్లోనే దొరుకుతుంది. మిగిలే నాలుగు వేల అయిదు వందలతో ఇంకో దుడ్డెను తెచ్చుకోవచ్చా, దానికి పాలు పట్టడానికి అవి ఎన్ని రోజులు వస్తాయి? నూట ఎనభై చొప్పున సరిగ్గా ఇరవై అయిదు రోజులు.