ర్యాలీ పేరు ఒకదానిది, రోడ్డు మీద హుషారు ఇంకోదానిది

ప్యూజో 205 జీటీఐ, లాన్చియా డెల్టా ఇంటెగ్రాలే. అమెరికాలో ఇవి ఏ షోరూములోనూ అమ్మిన కార్లు కావు. తయారై 25 ఏళ్లు నిండిన కారుకు అక్కడి భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది కాబట్టి ఇప్పుడు ఓడెక్కి వెళ్తున్నాయి. అమ్మకపు ప్రకటనల్లో రెండింటికీ ఒకే బిరుదు తగిలిస్తారు: ర్యాలీ వారసత్వం. ఆ బిరుదు ఒకదానికే చెల్లుతుంది.

1986తో ప్రపంచ ర్యాలీల్లో గ్రూప్ బి పోటీలకు తెరపడి గ్రూప్ ఎ ముందుకొచ్చింది. అందులో దిగాలంటే ఆ రకం కార్లు 5,000 తయారుచేయాలి. ఆ నిబంధనే డెల్టాను మలిచింది. 1979లో డిజైనర్ జుజారో గీసిన ఆ పొందికైన కుటుంబపు కారుకు నాలుగు చక్రాలకూ శక్తి అందించే ఏర్పాటు, రెండు లీటర్ల టర్బో ఇంజను వచ్చాయి. వెడల్పు టైర్లు పట్టాలని చక్రాల పైరేకులు ఉబ్బించారు. ఇంజను వేడి పోవాలని బానెట్‌కు సందులు పెట్టారు. అందులో సోకు కోసం పెట్టినవి తక్కువ. 1987 నుంచి 1992 దాకా వరుసగా ఆరేళ్లు తయారీదారుల ప్రపంచ ర్యాలీ టైటిల్ లాన్చియాదే.

205 సంగతి వేరు. 1985, 1986ల్లో టైటిల్ గెలిచింది 205 టర్బో 16. దాని ఇంజను డ్రైవరు వెనక ఉంటుంది, నాలుగు చక్రాలూ లాగుతాయి. రోడ్డు కోసం చేసినవి 200 మాత్రమే. జీటీఐకి ఇంజను ముందే, లాగేవీ ముందు చక్రాలే. ఆ విజయాన్ని జీటీఐ ధరలో కలిపి అడగడం న్యాయం కాదు.

అయినా జీటీఐకి ఆ అరువు కీర్తితో పనేమిటి? 1984లో వచ్చిన 1.6 లీటర్ల జీటీఐ బరువు 900 కిలోల లోపే. పవర్ స్టీరింగ్ లేకపోవడంతో రోడ్డు గరుకంతా చేతికి తెలుస్తుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం పక్కకు జారుతుంది. దాన్ని లోపమనేవారున్నారు, నాకది డ్రైవరు నుంచి శ్రద్ధ కోరే కారు లక్షణం. 1,300 కిలోల ‘ఇవో’ రకం ఇంటెగ్రాలే తడి రోడ్డు మీద ఇచ్చే భరోసా వేరే స్థాయిది, సందేహం లేదు. కానీ తక్కువ వేగంలోనే సంతోషం పంచే గుణం 205లోనే ఎక్కువ. 130 హార్స్‌పవర్ 1.9 కోసం అందరూ ఎగబడతారు గానీ, ఇంజను చకచకా తిరిగే 1.6నే నేను ఎంచుకుంటాను.



ఫొటోల మెరుపు చూసి ఈ రెంటిలో దేన్నీ కొనకూడదు. 205ను వెనక నుంచి చూడాలి. చక్రాలు పైభాగంలో లోపలికి వాలి ఉంటే వెనక యాక్సిల్ బేరింగులు అరిగినట్టే. పట్టించుకోకపోతే షాఫ్టు కూడా తినేస్తుంది. ఇంటెగ్రాలేకి పరీక్ష ఇంకా కఠినం. బాడీలో తుప్పు, పగుళ్లు వెతకాలి. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో కాగితం అడగాలి. ప్రత్యేక ఎడిషన్ అంటే రంగు, బ్యాడ్జీ చాలవు, ఛాసిస్ నంబరు సరిపోవాలి. కాలిఫోర్నియాలో ఉన్న మన తెలుగువారైతే ముందు అక్కడి ఉద్గార నిబంధనలు చూసుకోవాలి. కేంద్ర చట్టం ఇచ్చే మినహాయింపుతో అక్కడ పని పూర్తికాదు.

ఇంటెగ్రాలేకి ఎక్కువ ధర అడిగితే, కారు నికార్సైనదైతే, అందులో అర్థం ఉంది. పోటీ కోసం పుట్టిన యంత్రమే చేతికొస్తుంది. 205 అమ్మేవారు టర్బో 16 పేరు చెప్పి అదనంగా అడిగితే మాత్రం ఇవ్వనక్కర్లేదు. ఆ డబ్బు వెనక యాక్సిల్ బాగుచేయించడానికి పనికొస్తుంది.