కివీ పళ్ల లెక్క

ఆలివర్ శుక్రవారం 44 కివీ పళ్లు కోశాడు, శనివారం 58. ఆదివారం కోసినవి శుక్రవారం వాటికి రెట్టింపు. అందులో ఐదు మిగతావాటి కన్నా కాస్త చిన్నవి. మొత్తం ఎన్ని? 190. చిన్నదైనంత మాత్రాన పండు కాకపోతుందా! 2024లో ఆపిల్ కంపెనీ పరిశోధకులు ఈ లెక్క ఇస్తే, ఓపెన్‌ఏఐ వారి ఏఐ మోడల్ ఓ1-మినీ ఆ ఐదూ తీసేసి 185 అంది. అంకె కనిపించింది కాబట్టి దాన్ని ఏదో ఒకటి చేసెయ్యడం! మన బడుల్లోనూ ఈ అలవాటున్న పిల్లలు తక్కువేం కాదు.

బట్టీ పట్టినవాణ్ని పట్టుకోవడానికి లెక్కల మాస్టర్లకు పాత చిట్కా ఒకటుంది: పుస్తకంలో లెక్కే ఇచ్చి అంకెలు మారుస్తారు. ఆ పరిశోధకులు చేసిందీ అదే. 2021 నుంచి అందరికీ అందుబాటులో ఉన్న జీఎస్ఎమ్8కె అనే ప్రశ్నల సంపుటిలోని లెక్కల్లో అంకెలు మార్చి ఇస్తే చాలా మోడళ్లకు మార్కులు తగ్గాయి. అక్కర్లేని వాక్యం ఒకటి చేరిస్తే ఇంకా పడిపోయాయి. ఏళ్లుగా ఇంటర్నెట్‌లో తిరుగుతున్న ప్రశ్నలంటే లీకైన పేపరు కిందే లెక్క. అందులో మంచి మార్కులొచ్చాయని పొంగిపోవడం అమాయకత్వం.

అడిగే తీరు సరిగా లేకపోతే ఏమవుతుందో బెర్లిన్‌లో ఒక గుర్రం చూపించింది. వాన్ ఓస్టెన్ అనే రిటైర్డ్ లెక్కల టీచరు పెంచిన హాన్స్, కూడికలకు గిట్టతో నేల తట్టి జవాబు చెప్పేది. 1904లో కమిటీ వేసి చూశారు, మోసమేమీ దొరకలేదు. తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు, జవాబు తెలియనివారి చేత ప్రశ్న అడిగించాడు. హాన్స్ తడబడింది. సరైన అంకె రాగానే అడిగినవారి తల వారికే తెలియకుండా కాస్త కదిలేది. గుర్రం కనిపెట్టింది ఆ కదలికను.

మరి యంత్రాలన్నీ హాన్స్‌లేనా?

2022లో కెనెత్ లీ బృందం ఒక చిన్న మోడల్‌కు ఒథెల్లో ఆటలో ఎత్తుల వరుసలు మాత్రమే ఇచ్చింది. బోర్డు చూపలేదు, నియమాలు చెప్పలేదు. అయినా అది దాదాపు ప్రతిసారీ చెల్లే ఎత్తే వేసింది. లోపలి అంకెలను తరచి చూస్తే 64 గళ్లలో ఎక్కడ ఏ కాయ ఉందో దొరికింది. ఆ అంకెలను మారిస్తే, మారిన బోర్డుకు తగ్గట్టే తర్వాతి ఎత్తూ మారింది.

ఆ మోడల్‌కు తన ఆట కొంతైనా అర్థమైందనే ఈ కాలమ్ అభిప్రాయం. అంతమాత్రాన చాట్‌బాట్‌లకు లోకమంతా అర్థమైపోయిందనడం తొందరపాటు. అర్థమవుతుందనే ఏఐ పరిశోధకుడు జెఫ్రీ హింటన్‌నైనా, చిలకపలుకులే అనే భాషాశాస్త్రవేత్త ఎమిలీ బెండర్‌నైనా పాఠకులు అడగాల్సింది ఒకటే: ఏ పనిలో, ఏ పరీక్ష పెట్టి తేల్చారు?