ముడి వేసిన చేతిదేనా తప్పు?

కరీంనగర్‌లో మా ఇంట్లో ఎనిమిదిమంది ఆడవాళ్ళం కూర్చుని 'ద ప్లాస్టిక్ కౌ' చూశాం. కునాల్ వోహ్రా 2012లో తీసిన డాక్యుమెంటరీ ఇది. పుట్టపర్తిలో పశువులకు వైద్యం చేసే కరుణ సొసైటీ అనుభవమే దీనికి ఆధారం. ఆవు పొట్ట కోసి చేతులతో కవర్లు లాగుతుంటారు. ఎంత లాగినా అయిపోవు. ఆవు మొదటి పొట్టలో చేరిన ప్లాస్టిక్ అరగదు, ముందుకు కదలదు. కడుపు నిండుగా కనబడుతుంది, ఆవు మాత్రం లోపల ఎండిపోతుంటుంది.

ఏ నినాదమూ చెయ్యలేని పని ఆ కవర్ల కుప్ప చేస్తుంది. గోమాత అని దండం పెట్టే మన చేతుల ముందు జబ్బుపడ్డ ఒక జంతువుని నిలబెడుతుంది. ఈ సినిమా బలం అదే.

సినిమా అయ్యాక అందరి చూపూ మా వంటింటి తలుపుకి వేలాడుతున్న కవర్ల మీదికే పోయింది. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కవర్లో వేసి ముడేసి పారేసేది మనమే కదా అని ఒకరి తర్వాత ఒకరు తప్పు ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను. ఆదిలాబాద్ నుంచి వచ్చిన మా మేనత్త ఒక్కతే ఒప్పుకోలేదు. ఆమె ఏళ్ళ తరబడి మోదుగాకులు తెచ్చి, చీపురుపుల్లలతో విస్తర్లు కుట్టి అమ్మింది.

"ముడేసింది మనమే బిడ్డా. గని మన ఇస్తార్లు వద్దన్నదెవరు? పెండ్లిల్ల ప్లాస్టిక్ గిలాసలు తెచ్చిందెవరు?"

ఆ మాటతో నేను సినిమాని మళ్ళీ చూడాల్సి వచ్చింది. చైతన్యం కలిగించే కళ చాలాసార్లు వంటింటి గడప దగ్గరే ఆగుతుంది. సంచి పట్టుకెళ్ళడం, చెత్త వేరుచెయ్యడం ఆడవాళ్ళ పనిభారంలో ఇంకో రెండు పనులవుతాయి. కవరు తయారుచేసినవాడికి, పాలు పిండుకుని ఆవుని రోడ్డుమీద వదిలేసినవాడికి ఏ సిగ్గూ ఉండదు. కరుణ సొసైటీ మాత్రం మన సిగ్గుతో సరిపెట్టుకోలేదు. మరికొందరితో కలిసి 2012లోనే సుప్రీంకోర్టుకి వెళ్ళి ప్రభుత్వాలని నిలదీసింది.

2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాల మీద దేశమంతా నిషేధం ఉంది. మా అత్త విస్తర్లకు మాత్రం గిరాకీ తిరిగి రాలేదు. ఆవు కడుపులోంచి ప్లాస్టిక్ తీసి చూపించిన కళ, మా అత్త చేతుల్లోంచి పోయిన పనిని కూడా ఎప్పుడు చూపిస్తుంది?