కృష్ణబిలాన్ని గడియారంతో కొలవడం

ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని లాక్స్‌పీసీ పరికరం పంపిన ఫైలు తెరిస్తే బొమ్మేమీ కనిపించదు. నల్లటి గుండ్రం, చుట్టూ నారింజ రంగు వలయం లాంటివి వెతక్కండి. ఉండేవి అంకెలే, లక్షల వరుసల్లో. ఒక్కో వరుసా ఒక్కో ఎక్స్ కిరణ ఫోటాన్ పద్దు: ఎప్పుడొచ్చింది, ఎంత శక్తితో వచ్చింది. వచ్చిన వేళను పది మైక్రోసెకన్ల దాకా, అంటే సెకనులో లక్షో వంతు దాకా రాసిపెడుతుంది. కిరాణా కొట్టు చిట్టాలాంటి ఈ పద్దు చదివి, కృష్ణబిలం పక్కన ఏం జరుగుతోందో చెప్పే విద్య ఒకటుంది. వయసు యాభై ఏళ్లు దాటింది. అందులో ఉన్నవాళ్లు దాన్ని పొట్టిగా ‘టైమింగ్’ అంటారు.

ఫొటో తీయొచ్చు కదా అనిపిస్తుంది. 2019లో అందరం చూసిన ఫొటో ఎం87 గెలాక్సీ మధ్యలోని బ్రహ్మాండమైన బిలానిది. జంట నక్షత్రాల్లో ఉండేవి దాని ముందు నలుసులు. సిగ్నస్ ఎక్స్-1నే తీసుకుందాం. 21 సూర్యుళ్ల బరువు, 7,200 కాంతి సంవత్సరాల దూరం. 5.6 రోజులకోసారి ఒక పెద్ద నీలి నక్షత్రంతో కలిసి చుట్టూ తిరుగుతూ, ఆ నక్షత్రం విసిరే వాయువును లాక్కుంటుంది. దాని బిలం వెడల్పు హైదరాబాద్ నుంచి వరంగల్ దాకా కూడా రాదు. మనకు ఆకాశంలో అది ఎం87 బిలం కంటే పదివేల రెట్లకు పైగా చిన్నగా కనిపించాలి. ఇప్పుడున్న ఏ టెలిస్కోపూ అంత చిన్నదాన్ని విడదీసి చూడలేదు.

కాబట్టి కొలబద్దగా కాలాన్ని పట్టుకున్నారు. ఊరంతా ఒక్కసారిగా దీపాలు ఆర్పాలంటే కబురు ఊరి ఆ చివరికి చేరాలి. కాంతి కంటే వేగంగా పోయే కబురు లేదు. సూర్యుడి ఈ అంచు నుంచి ఆ అంచుకు వెళ్లడానికి కాంతికే నాలుగున్నర సెకన్లు పడుతుంది. కాబట్టి ఒక వస్తువు వెలుగు మిల్లీసెకనులో బాగా మారిపోతే, ఆ వెలుగొచ్చే చోటు 300 కిలోమీటర్లకు మించి ఉండదు. 1970 డిసెంబరులో కెన్యా తీరం నుంచి ఎగిరిన ఉహురు ఉపగ్రహం, సిగ్నస్ ఎక్స్-1 సెకను లోపలే రెపరెపలాడుతోందని చూపింది. 1973లో ఒక రాకెట్ ప్రయోగం ఆ రెపరెపను మిల్లీసెకన్ల దాకా పట్టుకుంది. అక్కడున్నది మామూలు నక్షత్రం కాదని అనుమానించడానికి ఈ చిన్న లెక్క చాలింది. బరువు సంగతి తోడు నక్షత్రం కదలికలు చెప్పాయి.

ఈ కథలో హైదరాబాద్‌కూ వాటా ఉంది, మనవాళ్లు దాన్ని తరచూ మరిచిపోతుంటారు. ఎక్స్ కిరణాలను వాతావరణం మింగేస్తుంది కనుక పరికరాన్ని పైకి పంపక తప్పదు. రాకెట్లు ఖరీదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు హైదరాబాద్ నుంచి భారీ బెలూన్లు ఎగరేశారు. సిగ్నస్ ఎక్స్-1 వెలుగు వేగంగా మారుతోందని బి.వి. శ్రీకంఠన్ బృందం 1971లోనే ప్రకటించింది. ఆ బృందంలోని పి.సి. అగ్రవాల్ తర్వాత లాక్స్‌పీసీ రూపకల్పనకు నాయకత్వం వహించారు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్‌కు మూలాలు ఆ బెలూన్లలో ఉన్నాయి.

ఇక విద్యలోని కిటుకులకు వద్దాం. రేకుల షెడ్డు కింద నిలబడి వాన వింటున్నారనుకోండి. చినుకుల చప్పుడుకు వరస ఉండదు. ఫోటాన్లు పడే తీరూ అంతే. మధ్యలో పక్క చేలో మోటారు ఒకటి సన్నగా కొట్టుకుంటుంటే, ఆ చప్పుడును వానలోంచి విడదీయాలి. దానికి వాడేది ఫోరియర్ లెక్క: ఏ వేగంతో జరిగే ఊగిసలాటలో ఎంత బలం ఉందో అది పటం గీసి ఇస్తుంది. అందరూ వాడే ఒక పద్ధతిలో గీస్తే వట్టి వాన చప్పుడు సరిగ్గా 2 అనే అంకె దగ్గర నిలబడుతుంది. దాని పైన తేలిందే సరుకు.

కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఎక్కువసేపు చూస్తే పటం నున్నబడుతుందనుకుంటారు. పడదు. చూసిన సమయం పెరిగితే గీతలు దగ్గరవుతాయి తప్ప గజిబిజి తగ్గదు. రికార్డును ముక్కలుగా కోసి, ముక్క ముక్కకూ పటం గీసి, అన్నిటికీ సగటు కట్టాలి. వంద ముక్కలైతే గజిబిజి పదో వంతుకు దిగుతుంది. ఇంకో తంటా పరికరానిది. ఒక ఫోటాన్‌ను లెక్కపెట్టాక లాక్స్‌పీసీ దాదాపు 42 మైక్రోసెకన్లు కళ్లు మూసుకుంటుంది. ఆ రెప్పపాటులో వచ్చినవి పద్దుకెక్కవు, దాంతో 2 దగ్గర ఉండాల్సిన గీత కిందికి జారుతుంది. దీన్ని సరిదిద్దకుండా అరుదైన సంకేతం దొరికిందని గంతులేస్తే నవ్వులపాలే.

ఇన్ని తిప్పలు పడి తెలుసుకున్నదేమిటి? నా మట్టుకు అన్నిటికంటే అందమైన ఫలితం 2001లో ఫిల్ అట్లీ, ఇయాన్ మెకార్డీ చూపించింది. అప్పటిదాకా ఈ రెపరెపను టపాకాయల్లా విడివిడిగా పేలే మెరుపుల మొత్తమని అనుకునేవారు. వాళ్లిద్దరూ సిగ్నస్ ఎక్స్-1 వెలుగు పెరిగినప్పుడల్లా ఊగిసలాట కూడా అదే నిష్పత్తిలో పెరుగుతోందని గమనించారు. విడివిడి టపాకాయలు అలా ప్రవర్తించవు.

గోదావరి డెల్టాలో పెరిగినవాళ్లకు దీని అర్థం చెప్పక్కర్లేదు. లాకు దగ్గర నీళ్లు ఎక్కువ వదిలితే, కింద తూము తలుపు కాస్త కదిపినా పంటబోదెలో పెద్ద తేడా వస్తుంది. పైన నీళ్లే తక్కువైతే అదే కదలికకు బోదెలో చిన్న తేడానే. కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయు పళ్లెంలోనూ ఇదే తంతు. బయటి అంచున నెమ్మదిగా వచ్చే హెచ్చుతగ్గులు లోపలికి ప్రవహిస్తూ లోపలి వేగమైన హెచ్చుతగ్గులను గుణిస్తూ పోతాయి. ఎక్కువ శక్తి ఉన్న కిరణాలు లోలోపల పుడతాయి కాబట్టి, తక్కువ శక్తి కిరణాల కంటే కాస్త ఆలస్యంగా ఊగుతాయి. ఆ ఆలస్యం కూడా పద్దులో దొరుకుతుంది.

కొన్నిసార్లు పటంలో గుట్టలాంటి శిఖరం లేస్తుంది. అంటే లయ ఉంది, గడియారమంత కచ్చితంగా మాత్రం లేదు. సెకనుకు కొన్నిసార్లు కనిపించే లయకు కారణంగా చాలామంది మొగ్గేది బొంగరం వివరణకు: తిరిగే బిలం తన చుట్టూ ఉన్న దేశకాలాన్నే ఈడ్చుకుపోతుంది, దాంతో లోపలి వేడి వాయువు బొంగరం తలలా తూలుతుంది. హెచ్1743-322 అనే బిలం దగ్గర నాలుగైదు సెకన్ల లయకు తగ్గట్టు, వాయువులోని ఇనుము వెలువరించే ఎక్స్ కిరణాల శక్తి అటూ ఇటూ జరగడాన్ని ఆడమ్ ఇన్‌గ్రమ్ బృందం 2016లో చూపింది. అంతకు మించిన వేగాల దగ్గర మాత్రం పండితుల తగువు తెగలేదు.

ఆ తగువుకు కేంద్రం 1992లో బయటపడిన జీఆర్ఎస్ 1915+105. దీనంత చిత్రమైన బిలం ఇంకోటి లేదంటే అతిశయోక్తి కాదు. టొమాసో బెలోని బృందం 2000లో దీని వేషాలను 12 రకాలుగా విభజించి గ్రీకు అక్షరాలతో పేర్లు పెట్టింది. అందులో ఒకటి అచ్చం ఈసీజీ కాగితంలా ఉంటుంది: మెల్లగా ఎక్కడం, గభాలున దిగడం, నిమిషం తిరక్కుండా మళ్లీ అదే. 1996లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఐఆర్ఎస్-పీ3 ఉపగ్రహంలోని చిన్న భారతీయ పరికరమూ ఈ బిలం నుంచి ఇలాంటి వరస మెరుపులే పట్టింది. పదార్థం బిలంలో పడి మాయమవుతున్న గుర్తు కావచ్చని మన శాస్త్రవేత్తలు రాశారు. పళ్లెం లోపలి భాగం ఖాళీ అయి మళ్లీ నిండుతోందన్న వివరణకే తర్వాత ఎక్కువ మద్దతు దొరికింది. అదే బిలం సెకనుకు 67 సార్లు కూడా ఊగుతుంది. అమెరికా ఉపగ్రహం ఆర్ఎక్స్‌టీఈ డేటాలో 1997లో తేలిన సంగతి ఇది. ఈ లయ 67 నుంచి 72 మధ్య జరుగుతుందని ఆస్ట్రోశాట్ తేల్చింది. కారణం మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

2018 నుంచి ఆ బిలం బాగా మసకబారింది. పాత పద్దులు మాత్రం భద్రంగా ఉన్నాయి. బెంగళూరు దగ్గరి ఇస్రో డేటా కేంద్రం వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే ఆస్ట్రోశాట్ ఫైళ్లు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. లెక్క కట్టే స్టింగ్‌రే అనే పైథాన్ సాఫ్ట్‌వేరూ ఉచితమే. ఇంట్లో బీఎస్సీ ఫిజిక్స్ చదివే పిల్లలుంటే ఈ మాట వాళ్ల చెవిన వేయండి. మొదటి ఫైలుగా జీఆర్ఎస్ 1915+105నే తీసుకోమనండి.