ఎలుకల లెక్క

పెద్దపిల్లి ఏం తిన్నదో తెలియాలంటే దాని మలం కడగాలి. సన్న జల్లెడలో వేసి, నీళ్లు పోస్తూ కడిగితే చివరికి వెంట్రుకలు, ఎముక ముక్కలు, పళ్లు, గోళ్లు, పొలుసులు మిగులుతాయి. ఎండబెట్టిన వెంట్రుకను మైక్రోస్కోపు కింద పెడితే, పైపొర మీది గీతలూ లోపలి పొర తీరూ చూసి అది ఏ జంతువుదో పోల్చవచ్చు. పిల్లి తన ఒళ్లు నాక్కుంటూ మింగిన సొంత వెంట్రుకలు కూడా అందులోనే దొరుకుతాయి. తిన్నదెవరో, బలైందెవరో ఒకేచోట తేలుతుంది. ఈ పని చేసేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

పెరూలో మను నేషనల్ పార్కు 1973లో ఏర్పడింది. ఆ వర్షారణ్యంలోని కోచా కాషు పరిశోధన కేంద్రంలో లూయీస్ ఎమ్మన్స్ 1980లలో పనిచేశారు. జాగ్వార్, ప్యూమా, ఆసిలాట్ అనే మూడు రకాల అడవిపిల్లులు ఒకే అడవిలో ఏం తిని బతుకుతున్నాయన్నది ఆమె ప్రశ్న. 1987లో ఫలితాలు ప్రచురించారు. ఆసిలాట్ ఆహారంలో ఎక్కువ భాగం కిలో లోపు జంతువులే, ముఖ్యంగా ఎలుకలు. జాగ్వార్‌వి అంతకు మించిన బరువున్నవి. అడవిలో ఏది ఎంత ఉంటే దాదాపు ఆ పాళ్లలోనే పిల్లులకు దొరుకుతోంది. పందిని పోలిన పెకారీలను మాత్రం జాగ్వార్ ఆ పాళ్లను మించి వేటాడుతోంది. తాబేలు డిప్పను సైతం పళ్లతో పగలగొట్టి తింటుందది!

ఇక్కడ ఒకటి గమనించాలి. ‘ఆ పాళ్లలోనే’ అన్న మాట అనాలంటే అడవిలో ఎలుకలెన్నో, పెకారీలెన్నో ముందు తెలిసి ఉండాలి. వేటగాడిని చదవాలంటే వేటను లెక్కపెట్టక తప్పదు. నా దృష్టిలో ఈ విద్యకు గుండెకాయ అదే. రేడియో కాలర్లు తగిలించిన ఆసిలాట్లు వెన్నెల రాత్రుల్లో ఆరుబయలు మానుకొని గుబురుల్లోకి మళ్లుతున్నాయని కూడా అక్కడే తేలింది. వేటకు వెలుతురు సాయపడుతుందని అనుకునేవాణ్ని. అది చదివాక వెన్నెలను ఎలుక వైపు నుంచి కూడా ఆలోచించడం అలవాటైంది.

ఇప్పుడు కెమెరాలొచ్చాయి. పులి చారలు, జాగ్వార్ మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు కాబట్టి ఫొటోలతో వాటి సంఖ్యను అంచనా కట్టవచ్చు. నాగరహొళె పులుల మీద ఈ పద్ధతిని జీవశాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ 1995లో ప్రచురించారు. మంచి పద్ధతే. అయితే జింకలను లెక్కించడానికి తెల్లవారుజామునే గీత గీసినట్టున్న దారుల్లో నడిచే మనిషికి ఫొటో ఉండదు, పేరూ రాదు.

చెట్లన్నీ నిలబడే ఉంటాయి, వేటాడి వేటాడి జంతువులను ఖాళీ చేసేస్తారు. అలాంటి అడవుల గురించి జీవశాస్త్రవేత్త కెంట్ రెడ్‌ఫర్డ్ 1992లోనే హెచ్చరించారు. పైనుంచి తీసిన ఫొటోలో ఆ లోటు కనిపించదు. పులికి ఏడాదికి సుమారు 50 వేటలు కావాలి. మందలో పదోవంతుకు మించి తినకూడదనుకుంటే, ఒక్క పులి వెనుక 500 జంతువులుండాలి. నల్లమలైనా అమెజానైనా ఇలాంటి లెక్కను తప్పించుకోలేవు. అందుకే పులుల సంఖ్య పతాక శీర్షికైన రోజున దుప్పుల, కణుజుల, అడవిపందుల అంచనా ఎంతో లోపలి పేజీల్లో వెతుకుతాను.