పదమూడో నిబంధనలో మా బాయి లేదు

చారిత్రక కట్టడాల మాటెత్తితే మనవాళ్లు రెండు జట్లవుతారు. ఒకరికి ప్రతి దేవిడీ నిజాం జులుంకు గుర్తు. ఇంకొకరికి ప్రతి కమానూ పోగొట్టుకున్న జన్నత్. బొగ్గుబాయిల నడుమ గోలేటిలో బతికే మాకు రెండూ పరాయివే. మా తాతలు దేవిడీల్లో పుట్టలేదు. అయినా వాటిని కూలుస్తుంటే 'తురకోళ్లవి పోతున్నయ్' అన్న మాట మా చెవినే పడుతుంది.

కట్టడాన్ని కాపాడటానికి చట్టమెందుకు? యజమాని ఇష్టానికి వదిలితే భూమి ధరే గెలుస్తుంది గనక. న్యూయార్క్ తన పెన్సిల్వేనియా స్టేషన్‌ను 1963లో కూలగొట్టడం చూశాకే, 1965లో రక్షణ చట్టం తెచ్చుకుంది. హైదరాబాద్‌లో 1995లో హుడా 13వ నిబంధన కింద జాబితా వేశారు. జాబితాకెక్కిన కట్టడాన్ని కూల్చాలన్నా మార్చాలన్నా ముందుగా అనుమతి కావాలి. యజమాని చేతులు కట్టేశారు సరే, మరమ్మతు ఖర్చు చాలావరకు ఆయన నెత్తినే పడింది.

అంతకన్నా పెద్ద ప్రమాదం సర్కారే. 2015లో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని కూలుస్తామన్నారు. జనం అడ్డుపడ్డారు. అదే ఏడాది డిసెంబరులో 13వ నిబంధననే తీసేశారు. 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. 2019 జూన్‌లో అసెంబ్లీ కోసం ఇర్రం మంజిల్ కూల్చాలని మంత్రివర్గం నిర్ణయించింది. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఆ తీర్పు మాకు సంతోషమే. ఫక్రుల్‌ముల్క్ నవాబు మీద ప్రేమతో కాదు. కూల్చే ముందు సర్కారు కూడా ఒకరిని అడగాలని తేలినందుకు.

మా తకరారు జాబితాతోనే. మహళ్లు, కచేరీలు, గుళ్లు, మసీదులు, చర్చీలు ఉన్నాయి. వాటి వెనకున్న చెమట ఏది? 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇల్లెందు బొగ్గు కోసం వచ్చింది. 1920లో సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం సర్కారు దాన్ని కొనుక్కుంది. బాయిలో దిగేవాడు ఈనాటికీ పైవాణ్ణి సర్దార్ అనే అంటాడు. ఆ ఉర్దూ ఏ దర్బారుదీ కాదు. ఇక్కడ కంపెనీయే కొలువు, కంపెనీయే ఇంటి యజమాని. రిటైరైతే క్వార్టర్ అప్పగించాలి. ఓపెన్‌కాస్ట్ పెరిగితే ఊరే లేవాలి. ఇల్లు, చేను, చెట్టు లెక్క కడతారు. పీరీల చావిడిని ఏ ఖాతాలో రాస్తారు? పీరీలు ఎత్తేవాళ్లలో ముస్లింలు కానివాళ్లూ ఉంటారు. అప్పుడది ఎవరి వారసత్వం?

2016లో ఏర్పడ్డ మా జిల్లా పేరు చూడండి: కుమురం భీం ఆసిఫాబాద్. ఆసఫ్‌జాహీల పేరూ, వాళ్ల పోలీసుల తూటాలకు 1940లో జోడేఘాట్‌లో ఒరిగిన గోండు వీరుడి పేరూ ఒకే బోర్డు మీద ఉన్నాయి. బోర్డుకేం పగుళ్లు రాలేదు.

జాబితా హైదరాబాద్‌తో ఆగకూడదు. బాయి విస్తరణ నోటీసు అంటించే ముందే ఆ ఊరి అషుర్‌ఖానా, పెర్సాపెన్ గుడి, ఖబరస్తాన్ పేర్లు రాసిన కాగితం పంచాయతీ ఆఫీసులో ఉండాలని అడుగుతున్నాం.