గట్టు మీద బాకీ

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం. ముందు ఒప్పుకోలు, తర్వాత రొట్టె, ద్రాక్షారసం. ఆర్‌సీఎం వాళ్లయితే గురువుగారి చెవిన విడిగా చెప్పుకోవాలి. మేం మాత్రం అందరం ఒక్క గొంతుతో ఒప్పుకుంటాం కాబట్టి ఎవరి పాపం ఏదో ఎవరికీ తెలీదు. చాలా ఏళ్లు నాకది హాయిగానే ఉండేది.

ఒక వానాకాలం నా చెరువు గట్టు తెగేలా ఉంటే, అర్ధరాత్రి పార తీసుకెళ్లి పక్కతని చెరువులోకి మూరెడు గండి కొట్టాను. తెల్లారేసరికి అతని అవతలి గట్టు జారిపోయి శీలావతి, బొచ్చె కాలువ పాలయ్యాయి. ఎండ్రకాయ బొరియ వల్లే అన్నారు ఊళ్లో. నేనూ తలూపాను. (మా కొల్లేట్లో గట్లు కొట్టడం కొత్తేం కాదు. 2006లో సరస్సు ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు ప్రభుత్వమే కొట్టించింది. కాకపోతే పట్టపగలు.)

పరలోక ప్రార్థన లూకా సువార్తలో పాపాలంటుంది, మత్తయిలో ఋణాలంటుంది. మేం చెప్పుకునేది మత్తయిది. యేసు మాట్లాడిన అరామిక్‌లో అప్పుకీ పాపానికీ ఒకటే మాటట. మేత కొట్టులో ఖాతా ఉన్నవాడికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. గండి కొట్టిన ఏడాదిన్నర తర్వాత ఒక ఆదివారం ఋణాలన్న ఆ మాట గొంతులో అడ్డుపడింది. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమన్నదీ మత్తయిలోనే. ఆ నెల సంస్కారపు బల్ల దగ్గరకి పోలేదు.

బైబిల్లో జక్కయ్య నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. నేను ఒకంతే పట్టుకెళ్లాను, అదీ సగం. డబ్బిచ్చి క్షమాపణ కొనలేమని అయ్యగారు చెప్తూనే ఉంటారు. కొనడానికి కాదు వెళ్లింది, ఆ చేపలు అతనివి గనక.

అతను పెద్దింట్లమ్మ భక్తుడు. గట్టు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నేను చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నాడు.

"ఆవేళే తెలుసు బాబాయ్. గండి అంచున పార కోత ఉంది. ఎండ్రకాయ పార పడుతుందా?"

ఏడాదిన్నరగా రోజూ ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగాం. ఒక్కరోజూ ఎత్తలేదు.

"మరి అడగలేదే?"

"నువ్వే వస్తావని."

నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. మిగతాది పట్టుబడయ్యాక ఇమ్మన్నాడు. వడ్డీ ఊసెత్తలేదు. నేను లేచి నాలుగడుగులు వేశాక వెనక నుంచి కేకేశాడు.

"రేపు తూము దగ్గర మట్టెయ్యాలి బాబాయ్. నీ పార తెచ్చుకో."